చేతికివ్వని ఉప్పు

సోమశేఖరం ఉప్పుగిన్నె తెచ్చి బల్లమీద పెట్టి, రెండు వేళ్లతో ఇందుమతి వైపు జరిపాడు.

ఉప్పు చేతికివ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ తగాదా వస్తుంది. ఇది సోమశేఖరం తల్లి మాట. ఆయన ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. ఉపగ్రహం పంపిన బొమ్మలు చూసి, తుపాను ఏ ఊరి దగ్గర తీరం దాటుతుందో లెక్కగట్టే మనిషి. అటువంటివాడు ఉప్పు దగ్గరకొచ్చేసరికి తల్లి మాట జవదాటడు. పెళ్లైన కొత్తలో ఇందుమతి నవ్వుతూ అడిగింది, "దీనికి ఆధారం ఏమిటండీ?" అని.

"ఆధారమేమీ లేదు. పాటిస్తే నష్టమూ లేదు" అన్నాడు.

అప్పట్లో ఉప్పొక్కటే అలా బల్లమీదుగా నడిచొచ్చేది. ఈ మధ్య ఆ ఇంట్లో అన్నీ ఉప్పే అయిపోయాయి. కాఫీ గ్లాసు, తాళంచెవి, మడతపెట్టిన తువ్వాలు, పొద్దుటి పేపరు, ఏదైనా సరే ఆయన బల్లమీద పెట్టడం, ఆమె తీసుకోవడం.

అలా చెయ్యమన్నది ఇందుమతే. "నా ఎడమచెయ్యి తగలనివ్వకండి. చర్మం తెరుచుకుని ఉంది. మీ చేతిమీద ఏముంటే అది నా నెత్తుట్లోకి పోతుంది" అని చెప్పింది.

ఆయన "సరే" అన్నాడు. ఎందుకు తెరుచుకుంది, ఎన్నాళ్లిలాగ అని అడగలేదు. ఆ "సరే" విని ఇందుమతికి ఒళ్లు మండింది. కానీ ఆ ఇంట్లో కోపం కూడా బల్లమీద పెట్టి జరపవలసిన వస్తువే.

*

చర్మం తెరుచుకోవడమంటే గాయం కాదు. చూడ్డానికి ఆ చెయ్యి మామూలు చెయ్యే. కథ మొదలైంది విశాఖపట్నంలో కొండమీద ఉన్న పరిశోధనాలయంలో, ఇందుమతి కూతురు కిన్నెర అడిగిన ఒక ప్రశ్నతో.

కిన్నెరకి పుట్టుకతోనే తలసీమియా. నెల తిరక్కముందే రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము ఒంట్లో చేరుతుంది. అది గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది. దాన్ని బయటికి లాగే మందు ఉంది. నోటి మందు ఆ పిల్లకి పడలేదు. అంచేత రోజూ నిద్రపోయే ముందు పొట్టమీద సూది గుచ్చి, చిన్న పంపు తగిలించి, తెల్లవార్లూ మందు ఎక్కించేవారు. డాక్టరు వారానికి ఒక్కరోజు సెలవిచ్చాడు. కిన్నెర ఆదివారం కోరుకుంది. సూది లేని ఆదివారం సాయంత్రం తండ్రీకూతుళ్లు బీచ్ రోడ్డుకి వెళ్లి, మురీ మిక్చరు తిని, ఇసక కాళ్లతో ఇంటికొచ్చేవారు.

శనివారాలు ఒంటిపూట బడి. బడి అయ్యాక తల్లి దగ్గరికొచ్చి, ఎత్తు బల్లమీద కాళ్లూపుతూ కూర్చునేది. ఇందుమతి పని ఆ పిల్లకి బొమ్మలు వెయ్యడంలా కనిపించేది. అరచేతిలో పట్టే తెల్లటి గిన్నె, మధ్యలో అడ్డుగోడ, గోడకి సూదిమొనంత చిల్లు. రెండు పక్కలా ఉప్పునీళ్లు. సన్నటి కుంచెను కొవ్వులో ముంచి ఇందుమతి ఆ చిల్లుకి పూత పూసేది. పూసిన పొర మొదట్లో సబ్బుబుడగలా నెమలి రంగులు పోయేది. అలా పలచబడి, పలచబడి, చివరికి నల్లగా అయ్యేది. నల్లబడిందంటే రెండు కొవ్వు అణువుల మందం మిగిలిందన్నమాట. మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఉండే గోడ మందం అంతే.

"ఇప్పుడు ఇటు ఉప్పు అటు పోదా?" అంది కిన్నెర.

"పోదు. కొవ్వు పోనివ్వదు. చూడు."

ఆ గిన్నెకి ఒక స్పీకరు తగిలించి ఉంది. ఉప్పు గోడ దాటితే చప్పుడవుతుంది. స్పీకరు నిశ్శబ్దంగా ఉంది. ఇందుమతి ఒక ప్రోటీను చుక్క వేసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. కాసేపటికి స్పీకరులో "టిక్" మంది.

"ఏంటమ్మా అది?"

"ఒక ప్రోటీను వెళ్లి గోడలో కూర్చుంది. దాని నడుమ సన్నటి దారి ఉంటుంది. అది తెరుచుకుంది. ఉప్పు దాటింది."

"ఎన్ని కూర్చున్నాయి?"

"ఒక్కటే."

"అంత గోడలో ఒక్కటేనా? పాపం" అంది కిన్నెర. తరవాత పొట్టమీద సూది గుచ్చే చోటు రుద్దుకుంటూ అడిగింది. "నా చర్మంలో ఉన్నదీ కొవ్వుగోడే అన్నావు కదా. దానికీ ఒక గడప పెట్టెయ్యి. మందు దానంతటదే నడిచి లోపలికెళ్తుంది. సూదెందుకు?"

పక్కబల్ల దగ్గర పనిచేస్తున్న పైడిరాజు పకపకా నవ్వాడు. ఇందుమతి శిష్యుడు, ఇప్పుడు సహోద్యోగి. నవ్వనిదే మాట్లాడలేడు. "మేడమ్, పాప మనకి పని చెప్పీసింది. ఇంక తప్పదు" అన్నాడు.

అలా ఆ ప్రోటీనుకి తయారవకముందే పేరు వచ్చింది. గడప.

గడప తయారయ్యేసరికి కిన్నెర లేదు. ఇనుము గుండెను పట్టేసింది. పదకొండో ఏడు నిండిన వానాకాలంలో ఆసుపత్రిలో పోయింది.

సోమశేఖరం ఏడవలేదు. శ్మశానంలోనూ ఏడవలేదు, ఇంటికొచ్చీ ఏడవలేదు. నాలుగోరోజున బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఆఫీసు నుంచి ఫోనొస్తే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని వెళ్లాడు. ఆ సాయంత్రం పక్కింటివాళ్ల రేడియోలో ఆయన గొంతు వినిపించింది. తీరం వెంబడి ఈదురుగాలులు వీస్తాయి, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. ఎప్పటి గొంతే. ఒక్క అక్షరం వణకలేదు. ఇందుమతి లేచి కిటికీ మూసేసింది. ఆనాటినుంచి ఆమె మనసులో ఒక మాట స్థిరపడింది. ఈ దుఃఖంలో నేనొక్కదాన్నే ఉన్నాను.

*

గడపను మనుషులమీద పరీక్షించడానికి అనుమతి రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. ఒక మధ్యాహ్నం పైడిరాజు కొడుకు పుట్టినరోజని అందరూ బిర్యానీకి వెళ్లారు. ఇందుమతి వెళ్లలేదు. ఎడమచేతి మణికట్టు లోపలివైపు, తమలపాకంత మేర గడప కలిపిన లేపనం రాసుకుంది. అది ఆరాక, కిన్నెర వాడగా మిగిలిన మందు దూదితో అద్దుకుంది.

ఆ మందు ఒంట్లోకి వెళ్లి ఇనుమును పట్టుకుందంటే మూత్రం ఎర్రబడుతుంది. కిన్నెర ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి ప్రశ్న అదే. "రంగొచ్చిందా?" అని సోమశేఖరం అడిగేవాడు. "వచ్చింది నాన్నా" అని కిన్నెర స్నానాలగదిలోంచి అరిచేది.

ఆ సాయంత్రం ఇందుమతికి లేత గులాబీ రంగు వచ్చింది. సూది లేదు, పంపు లేదు. మందు నడిచి లోపలికి వెళ్లింది. ఆమె పరిశోధనాలయం స్నానాలగదిలో గోడకానుకుని చాలాసేపు కూర్చుంది. రంగొచ్చిందా అని అడిగేవాళ్లు లేరు.

చర్మం పైపొర రాలిపోయినప్పుడు గడపలు కూడా రాలిపోవాలి. లెక్క అది. కానీ అవి రాలలేదు. నూనెమీద తేలే ఆకుల్లా కొవ్వులో పక్కకి జరుగుతూ, ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకాయి. ముందు అరచెయ్యి, తరవాత మోచేతి వైపు. ఆవకాయ జాడీ మూత తీస్తే చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టయింది. అంట్లు తోమిన సబ్బుకి కళ్లు తిరిగాయి. చివరికి పైడిరాజుకి చెప్పక తప్పలేదు.

అతను మొదటిసారి నవ్వకుండా మాట్లాడాడు. "ఏటి మేడమ్ ఇది! ఎవరికీ చెప్పకుండా మీ చేతికే రాసీసుకున్నారా? చిన్నపిల్లలా మీరు?"

"అయిపోయింది. తిట్టి లాభం లేదు. మూత చెయ్యి."

మూత అంటే ఇంకో ప్రోటీను. గడప నోట్లో సరిగ్గా ఇమిడి, దారి మూసేసేది. పైడిరాజు ఆ పనిలో పడ్డాడు. ఇంట్లో ఇందుమతి సోమశేఖరానికి చెప్పింది, నా చెయ్యి తగలనివ్వకండి అని. అలా అన్నీ బల్లమీదికి వచ్చాయి.

*

ఒకరోజు సిటీ బస్సులో ఇంటికి వెళ్తోంది. మధ్యాహ్నపు ఎండ. పక్కన ఒక అమ్మాయి నిలబడి, చేతిలో పరీక్ష హాల్ టికెట్ పట్టుకుని పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటోంది. ఎదురుగా ఆటో అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. అమ్మాయి తూలి, చెమటపట్టిన చేత్తో ఇందుమతి మణికట్టు పట్టుకుంది. ఎవరికీ తగలకుండా చేతిరుమాలు కట్టుకున్న చోటుకి కాస్త కింద, వట్టి చర్మం మీద.

రెండు క్షణాల్లో ఇందుమతి గుండె దడదడలాడింది. నాలుక పిడచకట్టుకుపోయింది. చదివిందంతా మరిచిపోయానన్న బెంగ పట్టుకుంది. ఏం చదివింది, ఎప్పుడు చదివింది? ఆమె రాయవలసిన పరీక్షే లేదు.

"సారీ ఆంటీ" అని అమ్మాయి చెయ్యి తీసేసింది. కాసేపటికి దడ తగ్గింది.

"పరీక్షా?" అంది ఇందుమతి.

"అవునాంటీ. మూడోసారి. ఈసారి రాకపోతే ఇంట్లో ఊరుకోరు."

"తెలిసింది" అంది ఇందుమతి. ఆ అమ్మాయి వింతగా చూసింది.

భయపడినప్పుడూ ఏడుపు దిగమింగినప్పుడూ ఒంట్లో కొన్ని రసాలు ఊరతాయి. లేశమాత్రం చెమటలోకి వస్తాయి. మామూలు చర్మానికి అవి లెక్కలోకి రావు. గడపకి వచ్చాయి. ఆమె ఊహించనిది అది. మందు కోసం పెట్టిన దారిలోంచి మనుషులు నడిచి వస్తున్నారు.

మర్నాడు పైడిరాజు ఆమె చేతికి తీగలు బిగించి, పాత స్పీకరుకి కలిపాడు. చెయ్యి ఎంత మేర తెరుచుకుందో కొలవడానికి. కిన్నెర విన్నప్పుడు ఒక్క టిక్కు. ఇప్పుడు లక్షల గడపలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే రేకుల కప్పుమీద పెద్దవాన పడుతున్నట్టుంది. పైడిరాజు ఎప్పట్లాగే నవ్వుతూ, "మేడమ్, మీ చెయ్యి ఆషాఢమాసంలా ఉంది" అన్నాడు. తీగ జారిపోతుంటే తన చేతితొడుగు విప్పి, వట్టి వేళ్లతో సర్దాడు.

చన్నీళ్ల బావిలోకి దించినట్టయింది ఇందుమతికి.

"పైడిరాజూ, ఎందుకంత భయపడుతున్నావు?"

"భయమేటి మేడమ్? నాకా?"

"నీ చెయ్యి చెబుతోంది."

అతను వేళ్లు చటుక్కున తీసేశాడు. మొహంలోని నవ్వు అలాగే కాసేపు నిలబడి, తరవాత పోయింది. "మోచెయ్యి దాటీసింది మేడమ్" అన్నాడు. "మొన్నే చూసాను. చెప్పడానికి నోరు రాలేదు. భుజం దాటి గుండెలమీదికి పాకిందంటే ఇంక మనచేతిలో ఉండదు. ఒంట్లో నీరు నిలవదు. గాలిలో ఉన్న ప్రతి విషమూ లోపలికే."

"మూత ఎంతవరకూ వచ్చింది?"

"వచ్చీసినట్టే. వచ్చే ఆదివారం వేసీద్దాం. ఎవరూ ఉండరు. కానీ ఒకటి మేడమ్. మూత పడ్డాక మీ ఒళ్లు గడపను గుర్తు పట్టీస్తాది. మళ్లీ ఎప్పుడు రాసినా కాల్చి పారేస్తాది. ఇంక మీకు ఈ తలుపు లేనట్టే."

ఆమె తలూపింది. పిల్లలకి పనికొచ్చే గడప వేరుగా చెయ్యాలి, కూర్చున్న చోటు నుంచి కదలనిది. అది పైడిరాజు చెయ్యగలడు. ఆమెకి వేరే ఆలోచన వచ్చింది. ఈ చెయ్యి తెరుచుకుని ఉండగా తెలుసుకోవలసింది ఒక్కటే ఉంది.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. ఆ ఇంట్లో కారం, పసుపు వాడడం మానేసి చాలా రోజులైంది. తెల్లటి పప్పు, తెల్లటి కూర.

"మనుషుల చెయ్యి తగిలితే నాకు వాళ్ల లోపలిది తెలుస్తోందండీ. భయమో, దుఃఖమో. ఏదుంటే అది."

సోమశేఖరం ముద్ద కలపడం ఆపాడు. "నీకు హాని కాదా?"

"తగిలినంతసేపే. తరవాత పోతుంది."

"ఊఁ" అని మళ్లీ కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన కుర్చీ బల్ల చివరికి వెళ్లింది. మండే ఎండల్లో పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నాడు. వంటింట్లో ఆమె ఉంటే గుమ్మం దగ్గరే ఆగి, ఆమె బయటికొచ్చాక లోపలికి వెళ్లాడు. ఇందుమతి అర్థం చేసుకుంది, లేదా చేసుకున్నాననుకుంది. ఆ మనిషి లోపల ఏమీ లేదు. లేదన్న సంగతి బయటపడుతుందని తప్పించుకు తిరుగుతున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆయన పడక్కుర్చీలో నిద్రపోయాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చాడు. కుడిచెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది. చొక్కా చెయ్యి పైకి జరిగి మణికట్టు కనిపిస్తోంది. ఇందుమతి చప్పుడు కాకుండా వచ్చి, కింద కూర్చుంది. తన ఎడమచెయ్యి ఆ వేళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఆ చేతి వెచ్చదనం తెలిసేంత దగ్గరికి.

ఏమీ లేకపోతే?

ఏమీ లేకపోతే, ఆయనలో ఏ మూలో దుఃఖం ఉందేమోనన్న అనుమానం కూడా ఇకనుంచి ఉండదు. ఇన్నాళ్లూ ఆ అనుమానాన్ని పట్టుకునే ఆమె ఆ ఇంట్లో ఉంది. ఒకవేళ ఏదైనా ఉంటే, నిద్రపోతున్నవాడి జేబులోంచి తీసినట్టే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచి వంటింట్లోకి వెళ్లి, చెయ్యవలసిన పనేమీ లేక, కడిగిన గిన్నెలే మళ్లీ సర్దింది.

*

ఆదివారం పొద్దున ఉప్మా చేసింది. పచ్చిమిరపకాయ లేదు, అల్లం లేదు. ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. మూత వేయించుకోవడానికి వెళ్లే ముందు ఏదో ఒకటి తినాలి కదా అని ఎదురెదురుగా, బల్ల ఈ చివరా ఆ చివరా కూర్చున్నారు.

"ఉప్పు తక్కువైంది" అంది.

ఆయన లేచి ఉప్పుగిన్నె తెచ్చి, బల్లమీద పెట్టబోయాడు.

"చేతికివ్వండి."

"ఏమిటి?"

"ఉప్పు. చేతికివ్వండి." ఎడమచెయ్యి చాపింది.

"ఉప్పు చేతికివ్వకూడదు. అదీ ఎడమచేతికి."

"తగాదా వస్తుందనే కదా. మనం తగాదా పడి ఎన్నాళ్లయిందో గుర్తుందా మీకు? రానివ్వండి. వస్తే బాగుండునని ఉంది నాకు."

సోమశేఖరం గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన గొంతు మారలేదు. "వద్దు ఇందూ. ఇవాళ వద్దు. సాయంత్రానికి ఆ చెయ్యి బాగైపోతుంది. అప్పుడు ఎన్నిసార్లయినా ఇస్తాను."

"అప్పుడు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే."

బయట ఎవరో కూరలు అమ్ముకుంటూ అరిచి వెళ్లారు. ఆ కేక వీధి మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఇద్దరూ కదల్లేదు. ఆమె చాపిన చెయ్యి అలాగే ఉంది. ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. చొక్కా చెయ్యి మడిచాడు. గిన్నెలోంచి చిటికెడు ఉప్పు తీసి, ఆమె అరచేతిలో వేశాడు. వేసిన వేళ్లు వెనక్కి తీసుకోలేదు.

ముందు ఉప్పు మండింది. అది ఆమెకి అలవాటే.

తరవాత ఆయన వచ్చాడు.

ఇందుమతికి తన దుఃఖం బాగా తెలుసు. అది అలలా వచ్చి ముంచి, కాసేపటికి వెనక్కి పోతుంది. పోయినప్పుడు అన్నం తినవచ్చు, పని చేసుకోవచ్చు. ఇది అలా లేదు. ఇది రాలేదు, పోలేదు. తీరం దాటని వాయుగుండంలా ఒకేచోట తిరుగుతోంది. ఊపిరి సగంలో ఆగింది. ఛాతీమీద ఎవరో కూర్చున్నట్టుంది. రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. ఈ బరువుతో ఈ మనిషి స్నానం చేస్తున్నాడు. బస్సెక్కుతున్నాడు. పొద్దున్నే పాలు కాస్తున్నాడు.

ఆమె మొహం చూసి ఆయన చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఇందూ, చాలు. చాలు."

"రోజూ... ఇంతేనా మీకు?"

ఆయన ఆలోచించాడు. లెక్క తప్పు చెప్పడం ఆయనకి చేతకాదు.

"లేదు. ఇవాళ ఆదివారం కదా. కాస్త ఎక్కువ."

ఆదివారం సాయంత్రాలు ఆయన ఒక్కడూ బీచ్‌కి వెళ్లడం, ఇసక కాళ్లతో తిరిగి రావడం ఆమె చూస్తూనే ఉంది. గాలికి తిరగబుద్ధేస్తోంది ఈయనకి, అనుకునేది.

"ఆ రోజు రేడియోలో..." అంది చివరికి.

"చదివినంతసేపూ బల్ల పట్టుకునే ఉన్నాను. నువ్విప్పుడు పట్టుకున్నట్టే." కాస్త ఆగి అన్నాడు. "పడవలు సముద్రంలో ఉన్నాయి ఇందూ. గొంతు వణికితే మాట సరిగ్గా వినపడదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ వాటా నీకుంది కదా. నాది కూడా ఎందుకని."

వాళ్ల వేళ్ల మధ్య ఉప్పు తడిసి కరిగిపోయింది.

*

పరిశోధనాలయానికి సోమశేఖరం కూడా వచ్చాడు. కిన్నెర పోయాక ఆయన అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. ఎత్తు బల్ల చూసి ఒక్క క్షణం ఆగి, దానిమీద కూర్చోకుండా పక్కన నిలబడ్డాడు.

"రండి సార్, రండి. మేడమ్ చేతిలో వాన చూద్దురుగాని. మీ ఆఫీసుకి కూడా చెప్పని వాన" అన్నాడు పైడిరాజు. జోకు తనకే నచ్చినట్టు లేదు. తల దించుకుని తీగలు బిగించాడు.

స్పీకరు పెట్టగానే గది నిండా వాన. సోమశేఖరం కళ్లు మూసుకుని విన్నాడు.

పైడిరాజు మూత కలిపిన నీళ్లు భుజం నుంచి కిందికి, దూదితో మెల్లగా అద్దుకుంటూ వచ్చాడు. కాసేపు ఏమీ మారలేదు. తరవాత వాన చప్పుడులో సందులు వచ్చాయి. పెద్దవాన చినుకులైంది. చినుకులు చూరునీళ్లయ్యాయి. ఒక్కొక్క చుక్కనీ వేరువేరుగా వినవచ్చు.

"తగ్గుముఖం పట్టింది" అన్నాడు సోమశేఖరం, ఎవరితోనూ కాకుండా.

మణికట్టు దగ్గర, మొదట లేపనం రాసుకున్న చోట, ఇంకా కొన్ని మిగిలాయి. టిక్. చాలాసేపటికి ఇంకోటి. టిక్. ఆ తరవాత ఒకటే, ఆగి ఆగి, తన లెక్కలో తాను.

"ఒక్కటే ఉంది" అన్నాడు పైడిరాజు దూది పట్టుకుని.

ఇందుమతి పెదవులు కదిలాయి. "పాపం" అంది. ఆ మాట ఎవరిదో పైడిరాజుకి గుర్తొచ్చింది. అతను దూది పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

ముగ్గురూ ఆ ఒక్కదాన్నీ విన్నారు. దానికి ఇంకో చుక్క అక్కర్లేకపోయింది. దానంతటదే ఆగిపోయింది. గది నిశ్శబ్దంగా ఉంది, కుంచెతో పూసిన గోడ నల్లబడినప్పటిలాగ.

సోమశేఖరం వచ్చి ఆమె ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. పరిశోధనాలయంలో, ఇంకో మనిషి ఉండగా. ఆమె ఎదురుచూసింది. ఏమీ దాటి రాలేదు. వెచ్చటి చెయ్యి, కాస్త గరుకు. అంతే. ఆయన మొహం చూసింది. అది ఎప్పటి మొహమే. రేడియోలో చదివేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇక ఆ మొహం వెనక ఏముందో తెలియాలంటే ఒక్కటే దారి.

"ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగింది.

ఆయన ఆమె చెయ్యి వదల్లేదు.

"చెబుతాను" అన్నాడు. "నాకు కాస్త నెమ్మదిగా వస్తుంది. బీచ్ రోడ్డు మీదుగా నడిచి వెళ్దాం."